పౌర్ణమికి సముద్రం పొంగుతుందా? మన సూర్యలంక, మంగినపూడి ఒడ్డున నీళ్ళు పెరగడం వెనక ఉన్న లెక్క

పౌర్ణమికి సముద్రం పొంగుతుందా అని ఎవరైనా అడిగితే పొంగుతుంది, కానీ చంద్రుడు ఒక్కడి వల్లే కాదు అని చెప్పాలి, మనవాళ్ళకి తికమక అంతా అక్కడే. విజయవాడ నుంచి మంగినపూడి, గుంటూరు నుంచి సూర్యలంక, ఆదివారం వస్తే బండి తీసేసేంత దగ్గర, కార్తీకమాసంలో అయితే బస్సులకి బస్సులే కదులుతాయి, అయినా ఒడ్డున మన కాళ్ళ దగ్గరికొచ్చే నీళ్ళు రోజుకో రకంగా ఎందుకుంటాయో మనలో చాలామందికి వివరంగా చెప్పినవాళ్ళు లేరు. స్కూల్లో "ఆటుపోట్లకు కారణం చంద్రుని ఆకర్షణ" అని ఒక లైను రాసుకున్నాం, అంతే. ఆ లైను కరెక్టే గానీ ఒడ్డున కనిపించే నీటి మట్టం అనేది చంద్రుడు, సూర్యుడు, కాలం, గాలి, వాయుపీడనం, నది, అలలు ఇన్నీ కలిస్తే వచ్చే టోటల్. ఇందులో ఏడాది ముందే టైముతో సహా చెప్పగలిగేది సూర్యచంద్రుల వాటా. ప్రాణాలు తీసేవి మాత్రం దాదాపు ఎప్పుడూ మిగతావే. అందుకే దీన్ని ముక్కలుగా విడదీసి చూడాలి.

ముందు చంద్రుడి సంగతి. సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. దూరం పెరిగే కొద్దీ ఆకర్షణ తగ్గుతుంది కదా, అందుకని చంద్రుడి వైపున్న సముద్రాన్ని కాస్త గట్టిగా, భూమి నడిమధ్యని అంతకంటే తక్కువగా, అవతలి వైపున్న సముద్రాన్ని ఇంకా తక్కువగా లాగుతాడు. ఇటువైపు నీళ్ళు భూమి కంటే ముందుకెళ్తాయి, అటువైపు నీళ్ళు భూమి కంటే వెనకబడతాయి, రెండు పక్కలా ఉబ్బుతుంది, అందుకే రోజుకి రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం) రెండు ఆట్లు (దిగడం). భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా తన దారిలో కొంచెం ముందుకి జరుగుతాడు కాబట్టి మళ్ళీ మన నెత్తి మీదకి రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది, అంటే పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు.

మరి సూర్యుడు? భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడి బలం కంటే దాదాపు 180 రెట్లు ఎక్కువ, అయినా పోటు విషయంలో పైచేయి చంద్రుడిదే. ఎందుకంటే పోటు పుట్టేది ఈ పక్కకీ ఆ పక్కకీ లాగుడులో ఉన్న తేడా వల్ల, దూరం రెట్టింపైతే ఆ తేడా ఎనిమిదో వంతుకి పడిపోతుంది, సూర్యుడేమో చంద్రుడి కంటే 390 రెట్లు దూరంలో ఉన్నాడు. మొత్తం లెక్కేస్తే సూర్యుడి పోటు బలం చంద్రుడి దాంట్లో 46 శాతం వస్తుంది. తక్కువేం కాదు, ఆ 46 శాతం ఎప్పుడు కలుస్తుంది ఎప్పుడు తీసేస్తుంది అన్న దాన్ని బట్టే పెద్ద పోట్లు చిన్న పోట్లు.

ఇక్కడ మన పంచాంగం ఎంత పనికొస్తుందో చూడండి. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న కోణమే, ప్రతి 12 డిగ్రీలకీ ఒక తిథి. అమావాస్యకి ఇద్దరూ ఒకే పక్క, పౌర్ణమికి ఎదురెదురు, రెండు సందర్భాల్లోనూ ఇద్దరి బలాలూ ఒకే గీత మీద పడి కలుస్తాయి, అప్పుడు పోటు బాగా పైకి ఎక్కుతుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. అష్టమికి కోణం 90 డిగ్రీలు, ఒకరి పనిని ఇంకొకరు తగ్గిస్తారు, నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. అంటే గోడ మీద క్యాలెండర్లో తిథి చూస్తే చాలు, ఈ వారం పోటు పెద్దదా చిన్నదా తెలిసిపోతుంది, ఇంగ్లీషు తారీఖు చూస్తే ఏమీ తెలీదు. ఇంకో వాడకం కూడా ఉంది, ఏదైనా ఒక రోజు పోటు ఎన్ని గంటలకి వచ్చిందో చూసి పెట్టుకుంటే తర్వాత రోజుకి సగటున 50 నిమిషాలు కలుపుకుంటూ పోవచ్చు, పదిహేను రోజులు తిరిగేసరికి దాదాపు అదే టైముకి వచ్చేస్తుంది. వేటకెళ్ళేవాళ్ళు తిథిని బట్టి మాట్లాడుకునేది ఇందుకే.

రెండు విషయాలు మాత్రం మర్చిపోకూడదు. ఒకటి, పౌర్ణమి అంటే నిండు చంద్రుడు కనిపిస్తాడు కాబట్టి అందరికీ గుర్తుంటుంది, అమావాస్య పోటు కూడా అంతే పెద్దది, చీకట్లో వస్తుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండోది, నీళ్ళు కదలడానికి టైం పడుతుంది కాబట్టి పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమి నాడు కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పాడ్యమి విదియల్లో వస్తుంది. ఇక చంద్రుడి దారి గుండ్రంగా ఉండదు, దగ్గరికొచ్చినప్పుడు దాదాపు 3,63,000 కిలోమీటర్లు, దూరం పోయినప్పుడు 4,05,000 పైన, ఈ తేడాతోనే పోటు బలం మూడో వంతు పైనే మారిపోతుంది. సూపర్ మూన్ అని టీవీల్లో చెప్పేది పౌర్ణమీ ఈ దగ్గరితనమూ కలిసిన రోజు. ఆ రోజు పోటు మామూలు పౌర్ణమి కంటే కొంచెం పెద్దది, అంతే, ఊళ్ళ మీద పడేంత కాదు.

ఇప్పుడు పుస్తకాల్లో బొమ్మ గురించి ఒక మాట. భూమి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో నీళ్ళు, లోపల భూమి తిరుగుతూ ఆ ఉబ్బు కిందకి వెళ్తుంటే పోటు వస్తుంది అని గీస్తారు. న్యూటన్ 1687లో ఆకర్షణ లెక్క చెప్పినప్పుడు ఊహ అలాంటిదే. కానీ నిజమైన సముద్రంలో అలా జరగదు, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కిలోమీటర్ల స్పీడుతో తిరుగుతుంటే 4 కిలోమీటర్ల లోతు నీళ్ళలో అంత పొడవాటి అల గంటకి 700 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే పోగలదు, చంద్రుణ్ణి అందుకోలేదు, పైగా మధ్యలో ఖండాలు అడ్డం. కాబట్టి పోటు అంటే చంద్రుడి కింద నిలబడ్డ నీటి గుట్ట అనుకోకుండా చంద్రుడూ సూర్యుడూ లయగా తోస్తుంటే సముద్రపు పళ్ళెం అంతా తిరిగే ఒక మహా పొడవాటి అల అనుకోవాలి. 1770ల్లో ఫ్రాన్స్‌లో లాప్లాస్ ఈ లెక్కని ఇలా తిరగరాశాడు. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు సూర్యలంకలో పోటు ఉండాలని రూలేమీ లేకపోవడానికి కారణం ఇదే, ఆ అల మన ఒడ్డుకి ఎప్పుడు చేరుతుందో అప్పుడే పోటు.

ఆ అల బంగాళాఖాతంలోకి దక్షిణం నుంచి, హిందూ మహాసముద్రం వైపు నుంచి వస్తుంది. పైకి పోయే కొద్దీ బంగాళాఖాతం గరాటాలాగా ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది, నీళ్ళకి పక్కకి పోయే చోటు లేక పైకి లేస్తాయి. పెద్ద పోటు రోజుల్లో ఆటుకీ పోటుకీ మధ్య తేడా చెన్నైలో మీటరు దగ్గర, మన తీరంలో ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు, అదే బెంగాల్లో హుగ్లీ మొగ దగ్గరున్న సాగర్ ద్వీపానికి వెళ్ళేసరికి 5 మీటర్లు. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో 10 మీటర్లు దాటుతుంది, కెనడాలో ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా వెళ్తుంది. చంద్రుడు అందరికీ ఒక్కడే, తేడా అంతా ఒడ్డు ఆకారంలో ఉంది. మనకి మీటరున్నరే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఇసుక తీరం వాలు చాలా తక్కువ, 50 మీటర్లకి ఒక మీటరు వాలున్న చోట నీళ్ళు ఒక మీటరు ఎక్కితే ఒడ్డు 50 మీటర్లు వెనక్కి వచ్చేస్తుంది, చెప్పులూ బట్టలూ పెట్టుకున్న చోటు నీళ్ళలో ఉంటుంది.

ఇలా ఒక్కో చోట ఒక్కో రకం కాబట్టి పోర్టుల్లో నీటి మట్టాన్ని కొలిచి, ఆ రికార్డుని రకరకాల లయలుగా విడదీసి, మళ్ళీ ముందుకి లెక్కేస్తారు. 1870ల్లో లార్డ్ కెల్విన్ పళ్ళ చక్రాలతో మిషనే తయారు చేశాడు దీనికోసం. ఇప్పుడు మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా ప్రతి ఏడాదీ పోర్టుల వారీగా పోటు పట్టికలు వేస్తుంది. ఈ పట్టిక చాలా నమ్మదగ్గది, కానీ అందులో ఉండేది సూర్యచంద్రుల పని, మహా అయితే దానికి మామూలు సీజన్ సగటు కలిపి. ఆ రోజు గాలి ఎలా వీస్తుందో, నది ఎంత మోస్తుందో దానికి తెలీదు.

నా దృష్టిలో మన తీరానికి అన్నిటికంటే తక్కువ మందికి తెలిసిన సంగతి, ఎక్కువ మందికి తెలియాల్సిన సంగతి సీజన్‌ది. మన ఒడ్డున సముద్రం సగటు మట్టమే ఏడాదిలో అర మీటరు దాకా పైకీ కిందకీ పోతుంది, పోటుతో సంబంధం లేకుండా. వేసవి మొదట్లో మార్చి ఏప్రిల్ ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది, అక్టోబర్ నవంబర్లో అన్నిటికంటే పైన ఉంటుంది. కారణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నైరుతి గాలులు మన ఒడ్డు వెంట ఉత్తరం వైపు వీస్తాయి, భూమి తిరుగుతుండటం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పై నీళ్ళు గాలికి కుడి పక్కకి మళ్ళుతాయి, మనకి ఆ కుడి పక్క అంటే నడి సముద్రం, కాబట్టి నీళ్ళు ఒడ్డు వదిలి పోతాయి, కింది చల్లటి నీళ్ళు పైకొస్తాయి. ఈశాన్య గాలులు మొదలయ్యాక అంతా తిరగబడుతుంది, ఇప్పుడు కుడి పక్క అంటే మన ఒడ్డే, నీళ్ళు వచ్చి ఒడ్డుకి పేరుకుంటాయి. అదే టైముకి గంగా బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలం అంతా మోసుకొచ్చిన మంచినీళ్ళు ఒడ్డు వెంట దక్షిణానికి జారుతుంటాయి, ఉప్పు తక్కువున్న నీళ్ళు తేలిక కాబట్టి అదే బరువుకి ఎక్కువ ఎత్తు నిలబడతాయి. ఇది చాలదన్నట్టు భూమధ్యరేఖ మీద వీచిన గాలులు పుట్టించిన ఒక నెమ్మది అల సుమత్రా దగ్గర తగిలి బంగాళాఖాతం అంచు పట్టుకుని చుట్టూ తిరిగి మన దగ్గరికి వస్తుంది, అది కూడా ఈ నెలల్లోనే మట్టం పెంచుతుంది. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల గాలి వీస్తే మచిలీపట్నంలో నీళ్ళు ఎక్కడం ఎంత గొప్ప సంగతో ఆలోచించండి.

ఇప్పుడు కార్తీక పౌర్ణమి ఎప్పుడొస్తుంది? ఎక్కువగా నవంబర్లో. అంటే ఏడాదిలో సముద్రం సగటు మట్టం పైన ఉన్న రోజుల్లోనే, పౌర్ణమి పెద్ద పోటు, ఈశాన్య గాలి, తుపాన్ల సీజన్, నాలుగూ ఒకచోట కలుస్తాయి, సరిగ్గా ఆ తెల్లవారుజామునే మనవాళ్ళు పిల్లా పెద్దా అందరూ సముద్ర స్నానానికి దిగుతారు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళేవాళ్ళు కూడా చాలామందే, అది జనవరి చివర్లో ఫిబ్రవరిలో వస్తుంది, అప్పటికి మట్టం దిగుతూ ఉంటుంది. రెండూ పౌర్ణములే అయినా రెండూ ఒకే సముద్రం కాదు. స్నానం చేయొద్దని అనట్లేదు, తరతరాలుగా చేస్తున్నదే, ఫిబ్రవరిలో నడుము లోతు ఉన్న చోట నవంబర్లో ఛాతీ లోతు ఉండొచ్చని తెలిసి దిగాలి అంటున్నా.

ఇక తుపాను. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది, ఎంత పెద్ద తుపానుకైనా ఈ లెక్కన మీటరు దాటడం కష్టం. ఉప్పెనలో మిగతాదంతా గాలి పని, ఒడ్డు వైపు వీచే గాలి నీళ్ళని తోసుకుంటూ వస్తుంటే లోతు తక్కువున్న చోట ఆ నీళ్ళు కింద నుంచి వెనక్కి పోలేక పైకి పేరుకుంటాయి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి మన జిల్లాల్లో వినని ఇల్లుండదు, దాదాపు 5 మీటర్ల ఎత్తున నీళ్ళు వచ్చి పడ్డాయి, పదివేల మంది దాకా పోయారు. అయితే తిథి చూడండి, ఆ నెల అమావాస్య నవంబర్ 11, అంటే ఉప్పెన నాటికి ఎనిమిది రోజులు, అష్టమి దాటిన రోజులు, పోటు అన్నిటికంటే చిన్నగా ఉండే రోజులు. చంద్రుడి వాటా కనిష్టంగా ఉన్న రోజునే ఆ ఘోరం జరిగింది. తుపాను కేంద్రం చీరాల వైపు ఒడ్డు దాటింది, మన దగ్గర తుపాను గాలి ఎడమ వైపుకి, గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి దాని కుడి పక్కన ఉన్న ఒడ్డు మీదకి గాలి సముద్రం నుంచి నేరుగా కొడుతుంది, ఆ కుడి పక్కనే దివిసీమ ఉంది. అందుకే తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు "ఇవాళ పౌర్ణమి కాదులే" అని ఎవరైనా అంటే దయచేసి ఊరుకోవద్దు, ఈ తేదీ చెప్పండి.

2004 డిసెంబర్ 26 సునామీ నాడు పౌర్ణమి పడింది, దాంతో చంద్రుడికీ సునామీకీ లంకె పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం పుట్టించిన అల, పోటుతో దానికి ఏ సంబంధమూ లేదు.

నది సంగతికొస్తే విజయవాడ వాళ్ళకి తరచూ వచ్చే సందేహం ఒకటుంది, వరద టైంలో సముద్రం పోటు మీద ఉంటే ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు దిగవా అని. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు అమావాస్య, 2009 అక్టోబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కుల దగ్గరికి వచ్చినప్పుడు పౌర్ణమి, రెండూ పెద్ద పోటు రోజులే కాబట్టి అనుమానం రావడం సహజం. కానీ బ్యారేజీ దగ్గర నిలవ నీటి మట్టమే సముద్రం కంటే 17 మీటర్ల పైన ఉంటుంది, దూరం కూడా చాలా ఎక్కువ, మీటరున్నర పోటు అక్కడిదాకా ఎదురెక్కలేదు. 2024లో సింగ్‌నగర్ మునిగింది బుడమేరు గండ్ల వల్ల. పోటు దెబ్బ పడేది చివర్న, నాగాయలంక, కోడూరు, రేపల్లె, నిజాంపట్నం వైపు పల్లపు లంకల్లో, డ్రెయిన్లు సముద్రంలో కలిసే మొగల దగ్గర. బాపట్ల పక్క నల్లమడ లాంటి డ్రెయిన్ వాన నీళ్ళు మోసుకొచ్చే టైముకి బయట సముద్రం పోటు మీద ఉంటే నీళ్ళు పోవు, ఆటు వచ్చేదాకా పొలాల్లోనే ఆగుతాయి, మొగ ఇసుకతో పూడుకుపోయి ఉంటే ఆటుకి కూడా పోవు. అక్టోబర్ నవంబర్లో సముద్రమే అర మీటరు పైన ఉంటుంది కాబట్టి వరి పొట్ట మీదున్నప్పుడు పడిన వానకి పొలాలు రోజుల తరబడి మునిగి ఉండటంలో దీని వాటా కూడా ఉంది. బుడమేరు నీళ్ళు చేరే కొల్లేరుదీ ఇదే కథ, దాని నీళ్ళు మోసుకెళ్ళే ఉప్పుటేరు దాదాపు 60 కిలోమీటర్లు వెళ్ళి సముద్రంలో కలవాలి, వాలు నామమాత్రం.

వేసవిలో బండి తిరగబడుతుంది. బ్యారేజీ కింద నదిలో ఇసుక తప్ప నీళ్ళుండవు, తోసేవాళ్ళు లేరు కాబట్టి ఉప్పునీళ్ళు పోటు పోటుకీ పాయల్లో పైకి ఎక్కుతాయి. ఉప్పునీళ్ళు బరువు, అడుగు పట్టుకుని పాకుతాయి, పైన చూస్తే ఏటి నీళ్ళలాగే ఉంటాయి, అడుగున ఉప్పు. భూమి లోపల కూడా అంతే, తీరంలో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, సముద్ర మట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు ఉంటే దాని కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. తిప్పి చదివితే భయమేస్తుంది, బోర్లు వేసి ఆ పై మట్టాన్ని ఒక్క మీటరు దించితే కాలక్రమంలో ఉప్పు 40 మీటర్లు పైకి వస్తుంది. రొయ్యల చెరువులకి ఏటిలోంచి పోటు నీళ్ళు తోడుకోవడం ఎంత సులువో, ఆ పక్క ఊరి బావి ఒకసారి ఉప్పు తిరిగాక మళ్ళీ తియ్యబడటం అంత కష్టం. పైన శ్రీశైలం, నాగార్జున సాగర్ నీళ్ళతో పాటు ఒండ్రుని కూడా ఆపేస్తాయి, డెల్టా చివర్లకి మేత తగ్గింది, సముద్రమేమో ప్రపంచమంతా ఏడాదికి 3, 4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఈ లెక్కలో మన పక్షాన మిగిలింది మడ అడవులే, పోటుకి మునిగి ఆటుకి తేలే ఆ వేళ్ళ మధ్యే ఒండ్రు ఆగుతుంది, హంసలదీవి, నాచుగుంట వైపు ఉన్న ఆ అడవిని నరకడం అంటే కట్టని తవ్వుకోవడమే.

చివరిగా అలలు, ఎందుకంటే మన బీచుల్లో కుర్రాళ్ళు పోయేది ఎక్కువగా వీటి దగ్గరే, పేపర్లో మాత్రం "పోటుకి కొట్టుకుపోయారు" అని వస్తుంది. పోటు ఆరు గంటల పాటు నెమ్మదిగా ఎక్కుతుంది, అది మనిషిని లాక్కెళ్ళదు. లాక్కెళ్ళేది అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళు ఇసుక తిన్నెల మధ్య ఉన్న సందులోంచి గుంపుగా తిరిగి వెళ్ళే ప్రవాహం, సెకనుకి 2 మీటర్లు కూడా దాటుతుంది, ఎంత ఈత వచ్చినా దానికి ఎదురీదలేం. నీళ్ళు దిగుతున్నప్పుడు, ఆటు టైంలో, తిన్నెలు పైకి తేలి నీళ్ళన్నీ ఆ సందులోంచే పోవాల్సి వస్తుంది కాబట్టి ఇది ఇంకా గట్టిపడుతుంది, "ఆటు కదా, నీళ్ళు వెనక్కి పోయాయి, సేఫ్" అనుకుని లోపలికి నడిచేవాళ్ళకి ప్రమాదం అక్కడే. పైగా అలలు పుట్టడానికి ఇక్కడ గాలి ఉండక్కర్లేదు, దక్షిణ సముద్రంలో ఎక్కడో తుపాను లేపిన అలలు రోజుల తర్వాత ఎండ కాస్తున్న సూర్యలంకకి వస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఈ అలల మీద జిల్లాల వారీగా ముందే హెచ్చరికలు ఇస్తుంది, తెలుగులో వార్తల్లోనూ వస్తాయి, బయల్దేరే ముందు అది ఒకసారి చూడండి.

ఒడ్డున నిలబడి చూసినప్పుడు రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా, బురద రంగులో, ప్రశాంతంగా కనిపిస్తే పిల్లల్ని అక్కడే దింపుదాం అనిపిస్తుంది, ఆ సందు అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఈదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, ఆ పట్టీ వెడల్పు సాధారణంగా పది, ఇరవై మీటర్లే ఉంటుంది, దాటాక అలలే ఒడ్డుకి తోస్తాయి. ఈదే ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకేయకుండా ఖాళీ క్యానో, ట్యూబో, తాడో విసరాలి, కాపాడబోయి పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు.